విదేశీ ప్రయాణంలో నగదు, కార్డులు, బ్యాంకు ఛార్జీలు: ఏది ఎక్కడ కోత పడుతుందో తెలుసుకుని వెళ్లడానికి ఒక మార్గదర్శి

2023లో బ్యాంకాక్ నుంచి తిరిగి వచ్చిన పది రోజులకు నా బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి చూసుకున్నాను. అక్కడున్న అయిదు రోజులూ రోజుకొకసారి చొప్పున ఏటీఎంలో 2,000 బాట్లు తీశాను. ఎక్కువ నగదు జేబులో ఉంచుకోకూడదని నేను తీసుకున్న జాగ్రత్త అది. తీసిన ప్రతిసారీ అక్కడి ఏటీఎం 220 బాట్లు పట్టుకుంది, ఇక్కడి బ్యాంకు 125 రూపాయలూ దానిపై జీఎస్టీ వేసింది, అది చాలదన్నట్టు మొత్తం మీద మూడున్నర శాతం మార్కప్ (కరెన్సీ మార్చినందుకు తీసుకునే అదనపు శాతం) వేసి దానికీ జీఎస్టీ కలిపింది. బాటు విలువ దాదాపు 2 రూపాయల 40 పైసలున్న ఆ రోజుల్లో 24,000 రూపాయల నగదు చేతికి రావడానికి దగ్గర దగ్గర 4,500 రూపాయల చేతి చమురు వదిలింది. అదే 10,000 బాట్లను ఒక్కసారే తీసి ఉంటే 1,700 లోపు పోయేది.

ఇందులో ఎవరూ నన్ను మోసం చేయలేదు. ప్రతి ఛార్జీ బ్యాంకు పట్టికలో అచ్చయి ఉన్నదే, చదవనిది నేనే. ఆ తర్వాతి ప్రయాణాల్లో నేను పాటిస్తూ వచ్చిన పద్ధతిని, మొదటిసారి విదేశానికి వెళ్తున్న కుటుంబాలకు పనికొచ్చేలా, ప్రయాణం సాగే క్రమంలోనే కింద రాస్తున్నాను. ఉదాహరణల్లోని మారకం రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. మీరు వెళ్లే రోజు రేటుతో లెక్క మళ్లీ వేసుకోవాలి.

మొదటి మెట్టు: ఏ ఖర్చు ఏ రూపంలో జరుగుతుందో విడదీయడం

కాగితం మీద మూడు గడులు గీయండి. ఇక్కడి నుంచే ముందుగా కట్టేసేవి, అక్కడ కార్డుతో కట్టగలిగేవి, నగదు తప్ప గత్యంతరం లేనివి. మూడో గడి పరిమాణం దేశాన్ని బట్టి మారుతుంది. సింగపూర్‌లో మెట్రో గేటు దగ్గర కూడా బ్యాంకు కార్డును తాకించి లోపలికి వెళ్లిపోవచ్చు. స్వీడన్‌లో నగదు తీసుకోమని బోర్డు పెట్టిన దుకాణాలు కనిపిస్తాయి. అదే జర్మనీలో చిన్న బేకరీలోనూ, జపాన్‌లో గుడి దగ్గరి చిన్న దుకాణంలోనూ, థాయ్‌లాండ్, వియత్నాం వీధుల్లోని బండ్ల దగ్గరా నోట్లు ఉండాల్సిందే. ఆగ్నేయాసియాకు వెళ్లేటప్పుడు అక్కడ పెట్టబోయే ఖర్చులో మూడో వంతు నగదుగా ఉంచుకుంటాను, యూరప్‌కైతే అయిదో వంతు చాలనుకుంటాను. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు చట్టం ఒప్పుకునే పరిమితి ఉంది కదా అని మూడు వేల డాలర్లూ నోట్లుగా పట్టుకెళ్లడం తరచూ చూస్తుంటాను. విమానాశ్రయానికి పిల్లలే కారు తీసుకొని వస్తారు కాబట్టి మూడు నాలుగు వందల డాలర్లకు మించి వారికి నగదుతో పని పడదు.

యూరప్ అంతటా యూరోయే చెల్లుతుందనుకోవడం పొరపాటు. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకు, చెక్ రిపబ్లిక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్ వాడతారు. క్రొయేషియా 2023 జనవరి నుంచి యూరోలోకి మారింది. ఒకే టూర్‌లో ఈ దేశాలు కలిసి ఉంటే, రెండు రోజులు మాత్రమే ఉండే దేశం నోట్లు కొనకుండా అక్కడ కార్డుతో నెట్టుకు రావడం మేలు.

రెండవ మెట్టు: చట్టం ఎంత అనుమతిస్తుంది

రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం, అందరూ ఎల్ఆర్ఎస్ అని పిలిచేది, 2004లో మొదలైంది. దీని కింద ప్రతి వ్యక్తీ ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు లేదా అక్కడ ఖర్చు చేయవచ్చు. మామూలు యాత్రికుడికి ఆ పరిమితి ఎప్పుడూ అడ్డు రాదు. అడ్డొచ్చేది నోట్ల పరిమితి. చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు కొనడానికి వీల్లేదు, మిగిలింది కార్డులాంటి ఇతర రూపాల్లో ఉండాలి. ఫారెక్స్ (విదేశీ మారకం) కొనేటప్పుడు రూపాయల నోట్లుగా 50,000 వరకే చెల్లించవచ్చు, అంతకు మించితే బ్యాంకు ఖాతా నుంచి బదిలీ చేయాలి. కొన్న తర్వాత 60 రోజుల్లోగా ప్రయాణం ఉండాలి. పాన్, పాస్‌పోర్టు, టికెట్టు, అవసరమైతే వీసా నకళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

భారతీయ నోట్లను 25,000 రూపాయల వరకు వెంట తీసుకెళ్లవచ్చు, తెచ్చుకోవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లకు ఈ సడలింపు లేదు. తిరిగి దిగిన రాత్రి శంషాబాద్ నుంచి ఇంటికి వెళ్లడానికి రెండు వేలు విడిగా ఒక కవరులో పెట్టుకుంటే చాలు.

టీసీఎస్ (డబ్బు తీసుకునేటప్పుడే బ్యాంకో ఏజెంటో మన దగ్గర వసూలు చేసే ఆదాయపు పన్ను) గురించి రెండు మాటలు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఎల్ఆర్ఎస్ కింద 10 లక్షల రూపాయలు దాటిన తర్వాతే ఇది పడుతుంది, ప్రయాణ ఖర్చులపై ఆ దాటిన మొత్తానికి 20 శాతం. ఫారెక్స్ కార్డూ (విదేశీ కరెన్సీని ముందుగా నింపుకునే కార్డు) డెబిట్ కార్డూ ఈ లెక్కలోకి వస్తాయి. విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో చేసే ఖర్చును ఇందులో చేర్చాలని 2023 మే నెలలో ప్రభుత్వం నిర్ణయించి, అదే ఏడాది జూన్ చివర్లో ఆ అమలును వాయిదా వేసింది. టూర్ ప్యాకేజీలకు నియమం వేరు. అక్కడ పది లక్షల మినహాయింపు వర్తించదు కాబట్టి ట్రావెల్ ఏజెంటు ఇచ్చే బిల్లులో ఆ వరుసను విడిగా చూపించమని అడగండి. కట్టిన టీసీఎస్ ఆదాయపు పన్ను శాఖ దగ్గరి మీ పన్ను పట్టికలో (26ఏఎస్) కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. అందుచేత అది ఖర్చు కాదు, కొన్ని నెలలపాటు చేతికందని డబ్బు.

మూడవ మెట్టు: నోట్లు కొనడం

బషీర్‌బాగ్‌లోని దుకాణమైనా, విజయవాడలోని బ్యాంకు శాఖ అయినా మీకు చెప్పే రేటులోనే వారి లాభం దాగి ఉంటుంది. కమీషన్ లేదన్న బోర్డుకు పెద్ద అర్థం లేదు. మార్కెట్లో డాలరు 90 రూపాయలు ఉన్న రోజున మీకు 92.25కు అమ్మితే, వెయ్యి డాలర్లకు 2,250 రూపాయలు కమీషన్ అన్న పేరు లేకుండానే కట్టినట్టు లెక్క. కాబట్టి దుకాణంలో అడగవలసిన ప్రశ్న ‘రేటెంత’ అన్నది కాదు, ‘వెయ్యి డాలర్లు నా చేతిలో పెట్టడానికి అన్నీ కలిపి ఎన్ని రూపాయలు తీసుకుంటారు’ అన్నది. ఒకే రోజు, ఒక గంట వ్యవధిలో ముగ్గురిని ఇదే ప్రశ్న అడిగితే తేడా తెలిసిపోతుంది. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థల దగ్గరే కొని, బిల్లు తప్పక తీసుకోండి.

ఈ మార్పిడిపై జీఎస్టీ మొత్తం డబ్బు మీద కాక అందులో ఒక చిన్న భాగం మీదే లెక్క కడతారు. లక్ష రూపాయల వరకు ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకొని, అది 250 కంటే తగ్గకుండా చూసి, దానిపై 18 శాతం వేస్తారు. 80,000 రూపాయల కొనుగోలుకు సేవ విలువ 800, పన్ను 144 రూపాయలు. లక్ష దాటిన భాగానికి శాతం తగ్గుతుంది కాబట్టి రెండు లక్షలకు పన్ను 270. బిల్లులో ఇంతకంటే చాలా ఎక్కువ కనిపిస్తే అక్కడే అడగాలి.

విమానాశ్రయంలో కొనడం ఆఖరి మార్గం. భద్రతా తనిఖీ దాటిన తర్వాత మీకు వేరే దుకాణం లేదని అక్కడివారికి తెలుసు, రేటు ఆ ప్రకారమే ఉంటుంది. ఏదో ఒక కారణంతో తప్పనిసరైతే టాక్సీకి సరిపడా మాత్రమే మార్చుకోండి.

నోట్లు చేతికిచ్చేటప్పుడు ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూడండి. మన దగ్గర చిరిగిన నోటును బ్యాంకులో మార్చుకోవచ్చన్న ధీమా ఉంటుంది. కంబోడియాలో డాలర్లు విరివిగా వాడుకలో ఉన్నా అంచు చిరిగిన నోటును కూరగాయల అమ్మాయి కూడా వెనక్కి ఇచ్చేస్తుంది. గీతలు, ముద్రలు, మడత దగ్గర చిరుగులు ఉన్నవాటిని కౌంటరు దాటక ముందే మార్పించుకోవాలి. యాభై, ఇరవై, పది డాలర్ల నోట్లు కొన్ని అడగండి. దుబాయ్‌కి వెళ్లేవారు డాలర్లు తీసుకెళ్లినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే దిర్హం విలువ డాలరుకు 3.6725 దగ్గర కట్టివేసి ఉంది. మార్చుకునే చోటు తీసుకునే తేడా మాత్రమే పోతుంది. వియత్నాం వెళ్లేవారికి వేరే జాగ్రత్త అవసరం. 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలి ఛాయలోనే ఉంటాయి, రాత్రిపూట టాక్సీ లైటులో సున్నాలు లెక్కపెట్టకుండా ఇస్తే ఇరవై అయిదు రెట్లు చెల్లించినట్టే. అక్కడ చిన్న నోట్లకూ పెద్ద నోట్లకూ వేర్వేరు అరలు పెట్టుకోవాలి.

నాలుగవ మెట్టు: ఫారెక్స్ కార్డు ఎవరికి, ఎప్పుడు

ఫారెక్స్ కార్డులో డబ్బు వేసిన రోజు రేటే ఖాయమవుతుంది. తర్వాత రూపాయి పడితే మీకు లాభం, పెరిగితే నష్టం. రెండింటికీ మీరు ఒప్పుకున్నట్టే. దీని అసలు ప్రయోజనం ఏమిటంటే, కార్డులో ఉన్న కరెన్సీలోనే ఖర్చు చేసినంతకాలం మార్కప్ పడదు. చాలామంది జారిపడేది ఇక్కడే. డాలర్లు వేసిన కార్డును పారిస్‌లో గీస్తే డాలరు నుంచి యూరోకు మార్చినందుకు విడిగా ఛార్జీ పడుతుంది, అది మామూలు క్రెడిట్ కార్డు మార్కప్‌తో సమానంగా కూడా ఉండవచ్చు. వెళ్లే దేశపు కరెన్సీ ఆ కార్డులో దొరకకపోతే, ఉదాహరణకు డాంగ్‌కు ఇది తరచూ ఎదురవుతుంది, ఫారెక్స్ కార్డు తీసుకోవడంలో అర్థం లేదు.

కార్డు తీసుకునే ముందు ఛార్జీల పట్టికలో నాలుగు వరుసలు వెతకండి. ఏటీఎంలో తీసినందుకు ఎంత, బ్యాలెన్స్ చూసినందుకు ఎంత, కొన్ని నెలలు వాడకపోతే ఎంత, మిగిలిన డబ్బు వెనక్కి తీసుకుంటే ఏ రేటు ఇస్తారు. బ్యాలెన్స్ చూసినందుకూ డబ్బు తీసుకుంటారని నాకు తెలిసింది రెండుసార్లు చూసిన తర్వాతే. ఫోన్ యాప్‌లో అదే అంకె ఉచితంగా కనిపిస్తుంది.

అయిదవ మెట్టు: మీ బ్యాంకు కార్డులను సిద్ధం చేయడం

మార్కప్ అంటే విదేశీ కరెన్సీలో జరిగిన ఖర్చును రూపాయల్లోకి మార్చినందుకు మీ బ్యాంకు తీసుకునే అదనపు శాతం. చాలా కార్డులపై ఇది మూడున్నర శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల ఖర్చుకు 3,500 రూపాయల మార్కప్, 630 రూపాయల పన్ను, వెరసి 4,130. రెండు శాతం తీసుకునే కార్డులున్నాయి, అసలే తీసుకోనివీ ఉన్నాయి. ఏడాదికొకసారైనా విదేశానికి వెళ్లేవారు మార్కప్ లేని కార్డు ఒకటి సంపాదించడం, నా దృష్టిలో, ఈ వ్యాసంలో చెప్పిన మిగతా అన్నిటికంటే ఎక్కువ మిగిల్చే పని. అయితే వార్షిక రుసుమును కూడా లెక్కలో వేసుకోవాలి. 40,000 రూపాయల ఖర్చు మీద 1,652 రూపాయలు ఆదా చేయడానికి 3,000 రూపాయల రుసుము కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపలి వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని యాప్‌లో మీరే ఆన్ చేయాలి. అక్కడ మూడు మీటలు వేర్వేరుగా ఉంటాయి: ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్. దుకాణానికి ఆన్ చేసి ఏటీఎంకు మరచిపోతే బ్యాంకాక్ రోడ్డు మీద నిలబడి వైఫై వెతుక్కోవలసి వస్తుంది. ప్రతిదానికీ పరిమితి పెట్టుకోండి, తిరిగి వచ్చాక ఆఫ్ చేయండి. దేశం లోపలికే పరిమితమైన రూపే కార్డులు కొన్ని ఉన్నాయి, అవి బయట పనిచేయవు. మీ కార్డు ఏ రకమో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఓటీపీ వచ్చే సిమ్‌ను ఇంట్లో వదిలి వెళ్లకండి. అక్కడి సిమ్ కొన్నా మన సిమ్‌ను రోమింగ్‌తో ఫోనులోని రెండో సిమ్ గదిలో ఉంచండి. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందుకోవడానికి సాధారణంగా ఛార్జీ ఉండదు కానీ మీ ఆపరేటరును ఒకసారి అడగడం మంచిది.

ఆరవ మెట్టు: ఏటీఎం దగ్గర

తీసినప్పుడల్లా పడే స్థిర రుసుములు రెండు, అక్కడి ఏటీఎంది ఒకటి, ఇక్కడి బ్యాంకుది ఒకటి. వాటికి పైన శాతంగా పడేది మూడోది. స్థిర రుసుములు తగ్గాలంటే తక్కువసార్లు ఎక్కువ మొత్తం తీయాలి; తీసింది మొత్తం జేబులో పెట్టుకోకుండా హోటల్ లాకరులోనూ, భార్యాభర్తలిద్దరి సంచుల్లోనూ పంచుకోవాలి. బ్యాంకు శాఖకు ఆనుకొని ఉన్న ఏటీఎంను, శాఖ తెరిచి ఉన్న వేళల్లో వాడడం నా అలవాటు. కార్డు లోపల ఇరుక్కుపోతే వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు. జపాన్‌లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులను తీసుకుంటాయి.

క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తీయకండి. నగదు రుసుము, మార్కప్, వాటిపై జీఎస్టీ పడడమే కాక వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, బిల్లు గడువు వరకు ఆగదు.

ఏడవ మెట్టు: ‘రూపాయల్లో కడతారా?’ అన్న ప్రశ్న

ఒక్క నిమిషంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ కాబట్టి కాస్త విడమరచి చెబుతాను. బ్యాంకాక్ మాల్‌లో 3,000 బాట్ల బిల్లు అయిందనుకోండి. కార్డు పెట్టగానే యంత్రం మీద రెండు వరుసలు వస్తాయి, పైన 3,000 బాట్లు, కింద 8,700 రూపాయలు. రూపాయల అంకె కనబడగానే మనకు ఇంటి గడప తొక్కినంత ధైర్యం వస్తుంది, వేలు దాని మీదికే పోతుంది. ఆ రోజు మార్కెట్ రేటు 2.70 అయితే ఆ బిల్లు విలువ 8,100 మాత్రమే. ఆరు వందలు ఎక్కువ. మార్చింది మీ బ్యాంకు కాదు, దుకాణం తరఫు సంస్థ. రేటు వేసిందీ వారే. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అంతటితో అయిపోదు. విదేశీ దుకాణంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి కూడా మన బ్యాంకుల్లో చాలా భాగం విడిగా ఒక రుసుము వేస్తాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

నియమం ఒక్కటే, ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి. అమ్మేవారు ‘రూపీస్ ఓకే?’ అని అడిగి మీ తరఫున తామే మీట నొక్కబోతే ‘నో, బాట్’ అని చెప్పి యంత్రాన్ని మీ వైపు తిప్పమనండి. రసీదు మీద రూపాయల అంకె కనిపిస్తే కౌంటరు వదలకుండా ఆ లావాదేవీని రద్దు చేయించి మళ్లీ చేయమనండి. బయటికి వచ్చాక ఆ వాదన నిలవదు.

ఏటీఎంలో ఇదే ప్రశ్న ఇంకో వేషంలో వస్తుంది. తెర మీద ఒక మారకం రేటు చూపించి, ‘కన్వర్షన్‌ను అంగీకరిస్తున్నాను’, ‘కన్వర్షన్‌ను తిరస్కరిస్తున్నాను’ అని రెండు మీటలు ఇస్తుంది. తిరస్కరిస్తే డబ్బే రాదేమోనన్న భయంతో ఎంతోమంది అంగీకరిస్తారు. అది నిజం కాదు. తిరస్కరించినా లావాదేవీ స్థానిక కరెన్సీలో కొనసాగి, డబ్బు బయటికి వస్తుంది. ఒకవేళ ఏ కారణంతోనో ఆగిపోతే కార్డు తీసుకొని పక్క ఏటీఎంకు వెళ్లండి.

హైదరాబాద్‌లో కూర్చొని విదేశీ వెబ్‌సైటులో హోటల్ బుక్ చేసినప్పుడు ధర రూపాయల్లో కనిపించినా, ఆ వ్యాపారి నమోదు బయటి దేశంలో ఉంటే, విదేశీ దుకాణంలో రూపాయల్లో కట్టినందుకు బ్యాంకు వేసే ఆ రుసుము అక్కడా తగలవచ్చు.

ఎనిమిదవ మెట్టు: డిపాజిట్లు, పెట్రోలు బంకులు, టిప్పులు

హోటల్లో దిగగానే కార్డు అడిగి కొంత మొత్తాన్ని నిలిపి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే మీ పరిమితిలో కొంత తగ్గుతుంది, అంతే. ఫారెక్స్ కార్డో డెబిట్ కార్డో ఇస్తే మీ సొంత డబ్బే ఆగిపోతుంది, గది ఖాళీ చేశాక కూడా అది విడుదల కావడానికి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఇలాంటి చోట క్రెడిట్ కార్డే ఇవ్వాలి. అద్దె కారు సంస్థలు సాధారణంగా నడిపే వ్యక్తి పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డునే అడుగుతాయి.

అమెరికాలో పెట్రోలు పోసే యంత్రం జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్ కోడ్ ఆరంకెలు, వాళ్లది అయిదు. కార్డు ఒప్పుకోకపోతే కంగారు పడకుండా లోపలి కౌంటరుకు వెళ్లి పంపు నంబరు చెప్పి కట్టండి. రెస్టారెంటులో కార్డు తీసుకెళ్లి గీసిన తర్వాత మీరు రాసిన టిప్పు కలిపి తుది మొత్తం వేస్తారు, ఫోనుకు మొదట వచ్చిన సందేశంలోని అంకె, స్టేట్‌మెంట్‌లోని అంకె వేరుగా ఉండడానికి కారణం అదే. రసీదు ఫొటో తీసి ఉంచుకోండి. విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగరన్నది కూడా గుర్తుంచుకోవాలి. కార్డు వెనక అంకెలు తెలిసినవాడికి అంతే చాలు.

తొమ్మిదవ మెట్టు: యూపీఐ

భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్‌లలో ఎంపిక చేసిన చోట్ల యూపీఐ పనిచేస్తోంది. యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని ముందుగా ఆన్ చేయాలి, చెల్లించే ముందు తెర మీద చూపే రూపాయల మొత్తాన్ని చదవాలి. దీన్నే నమ్ముకొని నగదు లేకుండా వెళ్లమని మాత్రం నేను చెప్పను.

పదవ మెట్టు: కార్డు పోతే

కనీసం రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వేర్వేరు సంచుల్లో ఉండాలి. కార్డు వెనక ఉన్న 1800 నంబర్లు సాధారణంగా విదేశం నుంచి కలవవు; +91తో మొదలయ్యే నంబరును వెతికి, ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసుకోండి, ఎందుకంటే పోయేది ఫోనే కావచ్చు. అనుమానం రాగానే యాప్‌లో కార్డును తాత్కాలికంగా ఆపి, తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చెప్పడం ఆలస్యమైన కొద్దీ నష్టంలో మీ వాటా పెరుగుతుంది.

పదకొండవ మెట్టు: తిరిగి వచ్చాక

దిగేటప్పుడు మీ దగ్గర 5,000 డాలర్లకు మించి విదేశీ నోట్లుంటే కస్టమ్స్ దగ్గర ప్రకటించాలి. మిగిలిన విదేశీ మారకాన్ని 180 రోజుల్లోగా అప్పగించాలి, అయితే 2,000 డాలర్ల విలువ వరకు నోట్లను తర్వాతి ప్రయాణానికి ఉంచుకోవచ్చు. అది అవకాశమే కాదు, లాభం కూడా. 92.25కు కొన్న డాలరును 88కి వెనక్కి ఇస్తే రెండు వందల డాలర్ల మీద 850 రూపాయలు పోతాయి. మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవారు డాలర్లూ యూరోలూ దాచుకోవడం మంచిది. ఫోరింట్, డాంగ్ వంటివి అక్కడే ఖర్చు పెట్టి రావాలి, ఇక్కడ వాటికి గిరాకీ తక్కువ. నాణేలను ఉంచుకోవడానికి పరిమితి లేదు కానీ మార్చేవారూ ఉండరు కాబట్టి విమానాశ్రయంలో నీళ్ల సీసాకో కాఫీకో ముందుగా చిల్లర ఇచ్చి, తక్కువ పడినదానికి కార్డు వాడండి.

చివరి పని స్టేట్‌మెంట్. కార్డు లావాదేవీ మీరు గీసిన రోజు రేటుతో కాక, అది ఖాతాలో పడ్డ రోజు రేటుతో రావచ్చు, కొద్ది తేడా ఉంటే పట్టించుకోకండి. ప్రతి వరుసను రసీదుతో సరిపోల్చి, విడుదల కావలసిన హోటల్ డిపాజిట్ ఖర్చుగా మారిందా, టిప్పు మీరు రాసినంతే వేశారా, స్థానిక కరెన్సీలో కట్టినదాని పక్కన రూపాయల మార్పిడి రుసుము ఏమైనా కనిపిస్తోందా అన్నది చూడండి. తేడా ఉన్నచోట రసీదు ఫొటో జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా వివాదం నమోదు చేయండి. దానికి గడువు ఉంటుంది కాబట్టి, బట్టలు ఉతికి పెట్టెలు అటక మీదికి ఎక్కించే ఆ వారంలోనే ఈ పనీ ముగించండి.